లావు టైరు మోజు... మలుపులో తెలుస్తుంది!

'నాయనా, బండికి వెనక టైరు మారుస్తా. నూట యాభైది ఏపిస్తా.'
'ఉన్న టైరుకేమైందిరా?'
'ఏం కాలే. సన్నగా ఉంది. వెనక నుంచి చూస్తే బండి బక్కగా కనపడతాంది.'

క్రూయిజర్ బండి ఉన్న ఇంట్లో ఈ సంభాషణ ఏదో ఒకరోజు జరిగి తీరుతుంది. కొడుకు కాకపోతే తమ్ముడు, తమ్ముడు కాకపోతే బావమరిది. బండి కొన్న కొత్తలో సైలెన్సర్ మీద మోజు, ఆ తర్వాత హ్యాండిల్ మీద మోజు, అవి తీరాక వెనక టైరు మీదకి మళ్లుతుంది చూపు. సైలెన్సర్ మారిస్తే ఊరికి చెవి నొప్పి. టైరు మారిస్తే మాత్రం బండి నడకే మారిపోతుంది. అందుకే ఈ మోజు గురించి ఇంటిల్లిపాదీ కాస్త తెలుసుకుంటే మంచిది. ఆ బండి వెనక సీట్లో కూర్చుని శ్రీశైలం వెళ్లేది వాళ్లే కదా!

నంద్యాల జిల్లాలోని జూపాడు బంగ్లానే తీసుకుందాం. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు, దోర్నాల వైపు పోయే రహదారి మీదుంది ఈ మండల కేంద్రం. 2022లో కొత్త జిల్లాలొచ్చే దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఉన్నది ఈ మండలంలోనే. చుట్టూ నల్లరేగడి చేలు. రోడ్డేమో ఆత్మకూరు దాకా పెద్దగా వంపుల్లేకుండా సాగిపోతుంది. ఆత్మకూరు దాటితే కథ మారుతుంది. నల్లమల మొదలు! మలుపు మీద మలుపు. దోర్నాల నుంచి శ్రీశైలం దారి పడితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఒకే రోజు, ఒకే బండి మీద... చక్కని రోడ్డూ, చేల దారి బురదా, ఘాట్ మలుపులూ మూడూ ఎదురయ్యే చోటు ఇది. వెనక టైరు ఎంత లావుండాలన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది?

ఎక్కడిదీ లావు?

మొదట్లో బుల్లెట్‌కి ఈ గొడవే లేదు. 1955లో మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ బళ్ల తయారీకి ఏర్పాట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాల తరబడి మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ బుల్లెట్‌కి ముందూ వెనకా ఒకటే కొలత... 3.25-19. అంటే టైరు వెడల్పు మూడుంపావు అంగుళాలు, చక్రం 19 అంగుళాలు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే సుమారు 83. ఇవాళ్టి కుర్రాళ్లు చూస్తే సైకిల్ టైరనుకుంటారేమో! ఆ టైరుతోనే ఎస్సైలూ, కాంట్రాక్టర్లూ, పాల వ్యాపారులూ దర్జాగా తిరిగారు. లడఖ్ దాకా వెళ్లొచ్చారు.

లావు మోజు అమెరికా సరుకు. అక్కడ పాత హార్లేలని విప్పి, ముందు ఫోర్కుని పొడుగ్గా సాగదీసి, వెనక లావాటి టైరు బిగించి 'చాపర్' అని పేరు పెట్టుకున్నారు. 2000 తర్వాత టీవీలో ఆ బళ్ల తయారీ మీద కార్యక్రమాలే వచ్చాయి. ఒకణ్ని చూసి ఒకడు 200, 250, 300 మిల్లీమీటర్ల దాకా పోయారు. ఇందులో ఓ తమాషా ఉంది. 'టెర్మినేటర్-2' సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ నడిపిన హార్లే ఫ్యాట్‌బాయ్ గుర్తుందా? 1990లో వచ్చిన ఆ బండికి వెనక టైరు మన అవెంజర్ టైరంత వెడల్పే... దాదాపు 130 మిల్లీమీటర్లు! 2018 మోడల్ వచ్చేసరికి అది 240 అయ్యింది. కాకపోతే వాళ్లు ఒక్క టైరే లావు చెయ్యలేదు. ముందు టైరుని 160 చేశారు. రిమ్ములు మార్చారు, ఫ్రేము మార్చారు, ఇంజినూ పెంచారు. లావు టైరు చుట్టూ కొత్త బండే కట్టారన్నమాట. మన దగ్గర ఉన్న బండికి లావు టైరు తొడుగుతాం. తేడా అక్కడుంది.

ఇక మన మార్కెట్ సంగతి. బజాజ్ అవెంజర్ 2005లో వచ్చింది. 220 సీసీ అవెంజర్ వెనక టైరు 130/90-15. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021లో తెచ్చిన కొత్త క్లాసిక్ 350కి 120/80-18. 2020 నవంబరులో వచ్చిన మీటియార్ 350కి 140/70-17. దాని పెద్దన్న సూపర్ మీటియార్ 650కి 150/80-16. ఈ అంకెలు చూడగానే ఒక విషయం తడుతుంది. దాదాపు 47 హార్స్‌పవర్ ఉన్న 650 సీసీ బండికే కంపెనీ 150 చాలనుకుంది. అందులో సగం బలం కూడా లేని 350కి 150 ఎందుకు?

గోడ మీద రాసిందే!

టైరు పక్క గోడ మీదున్న అంకెల్ని బండి ఉన్నవాళ్లలో చాలామంది చదవరు. చదివితే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. 140/70-17 అని ఉందనుకోండి. 140 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం ఎత్తు, అంటే 98 మిల్లీమీటర్లు. 17 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వెడల్పు మిల్లీమీటర్లలో, చక్రం అంగుళాల్లో ఎందుకని అడక్కండి, లోకమంతా అలాగే అలవాటు పడిపోయింది. ఆ పక్కనే 66ఎస్ లాంటి గుర్తొకటి ఉంటుంది. 66 అంటే ఆ టైరు 300 కిలోల బరువు మోస్తుందని. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. పి ఉంటే 150.

మధ్యలో ఉన్న ఆ శాతం అంకె దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. క్లాసిక్‌కి 120/80-18 తీసేసి 130/80-18 వేశామనుకోండి. పది మిల్లీమీటర్లు వెడల్పే కదా పెరిగిందనుకుంటాం. ఎత్తు కూడా పెరుగుతుంది! మొదటి చక్రం మొత్తం వ్యాసం 649 మిల్లీమీటర్లు. రెండోది 665. అంటే బండి వెనక భాగం 8 మిల్లీమీటర్లు పైకి లేచింది. వెనక లేస్తే ముందు ఫోర్కు ఆ మేరకు నిటారవుతుంది. చక్రం ఒక చుట్టులో పోయే దూరం రెండున్నర శాతం దాకా పెరిగింది. పళ్ల చక్రాలు మార్చకుండానే గేర్లు మారినట్టు లెక్క. ఇద్దర్ని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు ఇదివరకు నాలుగో గేరులో పోయే చోట బండి మూడో గేరు అడుగుతుంటే... ఇంజిన్ని తిట్టుకోకండి. అదే వెడల్పులో 130/70-18 వేస్తే వ్యాసం 639, అంటే పాతదానికన్నా పది మిల్లీమీటర్లు తక్కువ. అప్పుడు వెనక కాస్త కిందికి దిగుతుంది, ఫుట్‌రెస్టూ సైలెన్సరూ రోడ్డుకి దగ్గరవుతాయి. ఏది వేసినా ఏదో ఒకటి మారుతుంది.

అరచేయంత చోటు

బండి రోడ్డుని తాకేది ఎంత మేర? పెద్దాళ్ల అరచేయంత. ఇది ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు కూడా. ఇద్దరెక్కినప్పుడు వెనక చక్రం మీద 180 కిలోల బరువు పడిందనుకుందాం. టైర్లో గాలి 32 పీఎస్‌ఐ. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకి రెండుంపావు కిలోల ఒత్తిడి. 180ని రెండుంపావుతో భాగిస్తే 80 చదరపు సెంటీమీటర్లు. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడుగు ఉన్న ఓ కాగితం ముక్కంత. మనం, మన వెనక కూర్చున్నవాళ్లు... అందరి ప్రాణం దాదాపుగా ఆ ముక్క మీదా, ముందు చక్రం కింద ఉండే దానికన్నా చిన్న ముక్క మీదా ఆధారపడి ఉంటుంది.

టైరు లావైతే ఈ ముక్క పెద్దదవుతుందని అందరూ అనుకుంటారు. కాదు! బరువు అదే, గాలి అదే అయినప్పుడు ముక్క విస్తీర్ణం ఇంచుమించు అంతే ఉంటుంది. మారేది ఆకారం. సన్న టైరుకి రోడ్డు వెంబడి పొడుగ్గా ఉన్నది, లావు టైరుకి అడ్డంగా వెడల్పవుతుంది. మరి రేసు బళ్లకి అంతంత లావు టైర్లెందుకంటారా? వందా, నూట యాభై హార్స్‌పవర్ల బలం చక్రం మీద పడినప్పుడు పుట్టే వేడిని తట్టుకోవాలంటే రబ్బరు ఎక్కువ కావాలి. బండిని బాగా వాల్చినా రబ్బరు అంచు దాకా పోకుండా ఉండాలి. ఇరవై హార్స్‌పవర్ల బండికి ఆ అవసరం ఎక్కడిది?

అసలు తేడా మలుపులో తెలుస్తుంది. సైకిలైనా బుల్లెట్టయినా మలుపు తిరగాలంటే ఒంగాల్సిందే. టైరు పలకలా ఉండదు కదా, అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది. బండిని ఎడమకి వాల్చగానే రోడ్డుని తాకే చోటు టైరు మధ్య నుంచి ఎడమ అంచు వైపు జరుగుతుంది. సన్న టైరైతే కొంచెమే జరుగుతుంది. లావు టైరైతే చాలా దూరం జరుగుతుంది. అలా పక్కకి జరిగిన చోటు బండిని మళ్లీ నిలబెట్టడానికి చూస్తుంది. దాన్ని లొంగదీసి వంపులోనే ఉంచాలంటే మనం మరికాస్త వాల్చాలి, హ్యాండిల్ మీద మరికాస్త బలం పెట్టాలి. లావు టైరు వేశాక 'బండి బరువుగా తిరుగుతాంది అన్నా' అని మెకానిక్కు దగ్గర అనేది ఇందుకే. మెకానిక్కేమో స్టీరింగ్ కోన్ సెట్టు చూస్తానంటాడు. కోన్ సెట్టు పాపం ఏ తప్పూ చెయ్యలేదు.

అంకెల్లో చూద్దాం. యాభై మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నామనుకోండి. టైరు దారమంత సన్నగా ఉంటే బండి సుమారు 30 డిగ్రీలు వాలితే చాలు. అదే 110 మిల్లీమీటర్ల టైర్లయితే ఇంకో మూడు డిగ్రీలు కావాలి. 150 అయితే నాలుగున్నర. 240 అయితే ఏకంగా ఎనిమిది! బండీ మనిషీ కలిసిన బరువుకి కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనీ, రెండు చక్రాలూ ఒకే వెడల్పనీ అనుకుని వేసిన లెక్క ఇది. ముందు టైరు సన్నగా ఉంటే తేడా కొంత తగ్గుతుంది. ఒకటి రెండు డిగ్రీలు ఏపాటి అనిపించొచ్చు. స్పోర్ట్స్ బండికైతే నిజంగానే ఏపాటీ కాదు. క్రూయిజర్‌కి అలాక్కాదు. అది కింద కూర్చున్నట్టుండే బండి. కాళ్లు ముందుకు చాపుకునే ఫుట్‌రెస్టు, పక్కన సైలెన్సరు నేలకి దగ్గర్లో ఉంటాయి. పెద్ద క్రూయిజర్లయితే 30 డిగ్రీల అటూ ఇటూలోనే 'గర్ర్'మని రోడ్డుని గీకుతాయి. అంటే లావు టైరు వేసి మనం పోగొట్టుకునేది సరిగ్గా మన దగ్గర తక్కువగా ఉన్నదాన్నే. దోర్నాల నుంచి శ్రీశైలం పోయేటప్పుడు ఎదురుగా బస్సు మలుపు తిరుగుతూ కనిపించినప్పుడు, ఇంకాస్త లోపలికి ఒంగాల్సి వస్తే ఒంగడానికి చోటు మిగలాలి కదా.

ముందు టైరు సన్నగా, వెనకది బాగా లావుగా ఉంటే ఇంకో చిక్కు. మలుపులో రెండు టైర్లూ వేరు వేరు మోతాదులో పక్కకి జరుగుతాయి. ముందు చక్రం చెప్పిన మాట వెనక చక్రం కాస్త ఆలస్యంగా వింటుంది. తిన్నని రోడ్డు మీద ఏం తెలియదు. కుడి మలుపు అవగానే ఎడమ మలుపు వచ్చే చోట... అంటే మన ఘాట్లో అడుగడుగునా... బండిని ఇటు నుంచి అటు తిప్పడానికి బద్ధకిస్తుంది.

రేగడి మట్టి ఊరుకోదు

ఇప్పుడు చేల దారికొద్దాం. వానాకాలంలో రేగడి మట్టి సంగతి ఇక్కడి రైతుకి చెప్పాల్సిన పన్లేదు. చెప్పు వేసుకుని నాలుగడుగులేస్తే చెప్పు కింద కిలో మట్టి! బండి చక్రానికీ అంతే. చుట్టుకుంటూ చుట్టుకుంటూ మడ్‌గార్డులోకి ఎక్కేస్తుంది. కంపెనీ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య, టైరుకీ స్వింగ్‌ఆర్మ్‌కీ మధ్య కొంత ఖాళీ వదిలేది ఇందుకే. లావు టైరు వేసినవాళ్లు ముందుగా మింగేసేది ఆ ఖాళీనే. షాపు దగ్గర చక్రం తిప్పి చూస్తే ఎక్కడా తగలదు. 'బ్రహ్మాండంగా సెట్టయింది' అనుకుంటాం. తీరా చేలో మట్టి పట్టాక చక్రం తిరగనని మొండికేస్తుంది. బురద లేకపోయినా, వేగంగా పోయేటప్పుడు టైరు కొంచెం ఉబ్బుతుంది. ఇద్దరు కూర్చుని గుంతలో పడితే షాకబ్సార్బర్లు దిగి చక్రం పైకొస్తుంది. గొలుసు వైపు ఖాళీ మరీ తక్కువ. అక్కడ రాసుకుంటే అరిగేది టైరు పక్క గోడ. టైరులో అన్నింటికన్నా పల్చటి చోటు అదే.

రోడ్డు అంచులు మరో పరీక్ష. తారు రోడ్డు దిగి పక్క మట్టిలోకి, మళ్లీ పైకి ఎక్కేటప్పుడు అంచు అడ్డంగా తగులుతుంది. గుండ్రటి టైరు దాన్ని దాటేస్తుంది. వెడల్పుగా, పలకగా ఉన్న టైరు ఆ అంచు ఎటు పోతే అటే పోదామని చూస్తుంది. లారీల చక్రాలకి తారు అణిగి కాలువలు పడిన చోట కూడా ఇదే తంతు.

అన్నట్టు, లావు టైరు వెయ్యకుండానే మనలో చాలామంది పలక టైరు మీద తిరుగుతున్నాం. నందికొట్కూరు-ఆత్మకూరు లాంటి తిన్నని రోడ్డు మీద, లేదంటే నంద్యాల-ఆళ్లగడ్డ నాలుగు వరసల రహదారి మీద రోజూ తిరిగే బండికి టైరు మధ్య భాగమే అరుగుతుంది. పక్కలు కొత్తవాటిలా ఉంటాయి. వెనక నిలబడి చూస్తే గుండ్రంగా ఉండాల్సింది చదునుగా కనిపిస్తుంది. 'ఇంకా బోలెడు గాడి ఉంది, మార్చడమెందుకు' అనుకుంటాం పక్కల్ని చూసి. అలాంటి టైరుతో ఘాట్‌లోకి దిగితే, వాల్చినప్పుడు చదును అంచు దాటే చోట బండి ఒక్కసారిగా పక్కకి పడబోయినట్టు అవుతుంది. లావు టైరు ఇబ్బందులన్నీ ఖర్చు లేకుండా వచ్చేసినట్టే! నా లెక్కలో ఈ ఇంటి పెద్దలు అబ్బాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న 'లావు టైరెందుకురా' అని కాదు, 'ఇప్పుడున్న టైరు మధ్యలో ఎంత అరిగిందిరా' అని.

రిమ్ము ఒప్పుకోవాలి

టైరు మార్చడానికి ముందు చూడాల్సింది టైరుని కాదు, రిమ్ముని. ఒక్కో టైరు కొలతకీ ఇంత వెడల్పు రిమ్ము ఉండాలని తయారీదారులే పట్టికలో చెబుతారు. 120/80 టైరుకి రెండున్నర నుంచి మూడు అంగుళాల రిమ్ము సరిపోతుంది. 140/70 టైరుకి మూడున్నర నుంచి నాలుగున్నర ఉండాలి, నాలుగైతే శ్రేష్ఠం. ఊచల చక్రం ఉన్న బుల్లెట్ రిమ్ము అంత వెడల్పుండదు. సన్న రిమ్ముకి లావు టైరు వేస్తే ఏమవుతుంది? టైరు అంచులు రెండూ దగ్గరికి నొక్కుకుంటాయి. పూరీ పిండిని రెండు వేళ్లతో నొక్కితే మధ్యలో పైకి లేస్తుందే... అలా టైరు మధ్య భాగం పైకి పొడుచుకొస్తుంది. అప్పుడు తిన్నగా పోతున్నప్పుడు రోడ్డుని తాకే వెడల్పు పాత సన్న టైరు కన్నా తక్కువైనా ఆశ్చర్యం లేదు. డబ్బెట్టి లావు టైరు కొని సన్న టైరు పని చేయించుకోవడమన్నమాట! పైగా పక్క గోడలు కంపెనీ అనుకోని కోణంలో ఒంగి ఉంటాయి. వేగంగా పోతుంటే వెనక భాగం తోకలా ఊగుతుంది.

'మా వాడు వేశాడు, రెండేళ్లయింది, ఏం కాలేదు' అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. నిజమే కావచ్చు. కంపెనీ ఇచ్చిన దానికి ఒక్క మెట్టు పైన, రిమ్ము ఒప్పుకునే కొలతలో, ఎత్తు పెద్దగా మారకుండా వేసుకుంటే చాలా బళ్లు సర్దుకుపోతాయి. క్లాసిక్‌కి 120 బదులు 130 వేయాలనుకుంటే ముందు రిమ్ము వెడల్పు కొలిపించుకోవాలి, స్వింగ్‌ఆర్మ్ దగ్గర ఖాళీ చూసుకోవాలి. రెండు మెట్లు ఎగరడమే చిక్కు. మీటియార్‌కి 140 ఉండనే ఉంది, దాని అలాయ్ చక్రం ఆ కొలతకి తగ్గట్టు చేసిందే. దాన్ని 150 చేస్తే వెనక నుంచి చూసేవాళ్లకి తప్ప నడిపేవాడికి ఒరిగేదేమీ లేదు. అవెంజర్ చక్రం 15 అంగుళాలే కాబట్టి టైరు మామూలుగానే బొద్దుగా కనిపిస్తుంది. దానికి 140/90-15 వేస్తే వ్యాసం 615 నుంచి 633కి పెరుగుతుంది. మూడు శాతం! ఇంజిన్ లాగలేనంటే లాగలేదు మరి. పాత 3.25-19 బుల్లెట్ ఉన్నవాళ్లకి మాత్రం ఒకటే మాట... దాన్ని ముట్టుకోకండి. దాని అందమే ఆ సన్నదనం.

కాగితాల సంగతి కూడా ఓ ముక్క. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. టైరు ఒక్క మెట్టు మారిందని ఎవరూ ఆపి టేపుతో కొలవకపోవచ్చు. ప్రమాదం జరిగి బీమా కోసం వెళ్లినప్పుడు మాత్రం సర్వేయరు కొలవొచ్చు. రిమ్ము, స్వింగ్‌ఆర్మ్ కూడా కోసి మార్చిన బళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

షాపుకెళ్లాక...

ఈ టైర్లన్నీ ఎక్కడో దూరదేశంలో తయారై రావు. మొదట్లో బొమ్మ బెలూన్లు చేసిన ఎంఆర్‌ఎఫ్ తర్వాత టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది బుల్లెట్ పుట్టిన తిరువొత్తియూరులోనే. తెలంగాణలోని సదాశివపేటలోనూ ఆ సంస్థ ఫ్యాక్టరీ ఉంది. 2020లో అపోలో వాళ్లు మన రాష్ట్రంలోనే, అప్పటి చిత్తూరు జిల్లా చిన్నపాండూరులో టైర్ల ఉత్పత్తి మొదలెట్టారు. కాబట్టి సరుక్కి కొరత లేదు. చూసి కొనాల్సిందల్లా మనమే.

మొదట తయారైన తేదీ. టైరు గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. అందులోనూ 45 డిగ్రీలు దాటే ఎండలో రేకుల షెడ్డు కింద నిలవున్న టైరైతే చెప్పేదేముంది? తక్కువ ధరకిస్తామంటే ముందు ఆ అంకెలు చదవండి. తర్వాత ట్యూబ్‌లెస్సా కాదా అన్నది. మామూలు ఊచల చక్రానికి ట్యూబు ఉండాల్సిందే, ఊచల రంధ్రాల్లోంచి గాలి పోతుంది కాబట్టి. గోడ మీద బాణం గుర్తుంటే అది చక్రం తిరిగే దిక్కు. హడావుడిలో తిరగేసి బిగించిన సందర్భాలు లేకపోలేదు, బిగించేటప్పుడు పక్కనుండి చూసుకోవడమే మేలు.

బండి బాగా ఒంగాలి, చెప్పిన మాట వినాలి అన్నదే కోరికైతే లావు టైరుకన్నా చవకైన మార్గాలున్నాయి. కంపెనీ చెప్పిన కొలతలోనే మంచి రబ్బరున్న కొత్త టైరు. ముందు టైరూ అరిగిపోయి ఉంటే రెండూ ఒకేసారి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనక షాకబ్సార్బర్ స్ప్రింగుని ఒకటి రెండు మెట్లు గట్టి చేసుకోవడం. చాలా క్రూయిజర్లకి ఆ సదుపాయం ఉంటుంది, పానా కూడా టూల్ కిట్‌లో ఉంటుంది, కిట్ తెరిచేవాళ్లే ఉండరు. అన్నింటికన్నా ముందు గాలి. ఒంటరిగా వెళ్తే ఎంత, ఇద్దరు వెళ్తే ఎంతన్నది బండి మాన్యువల్లో ఉంటుంది, కొన్ని బళ్లకి గొలుసు కవరు మీదో స్వింగ్‌ఆర్మ్ మీదో స్టిక్కరు అంటించి ఉంటుంది. గాలి కొట్టించేది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. పది డిగ్రీల వేడి పెరిగితే ఒకటిన్నర పీఎస్‌ఐ దానంతట అదే పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం నంద్యాల నుంచి వెలుగోడు మీదుగా ఆత్మకూరు దాకా వచ్చి, అక్కడ కొలిచి, 'ఎక్కువుంది, కొంచెం వదిలెయ్ అన్నా' అంటే... మర్నాడు తెల్లవారుజామున చల్లటి టైర్లో చాలినంత గాలి ఉండదు. గాలి తక్కువైన టైరు కూడా మలుపులో లావు టైరులాగే బద్ధకిస్తుంది.

కొత్త టైరు బిగించిన రోజే ఘాట్‌కి బయల్దేరకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని పైపొర నున్నగా ఉంటుంది. మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు గట్టి బ్రేకులూ, ఒక్కసారిగా వాల్చడాలూ లేకుండా, రోజుకింత రోజుకింత ఒంచుతూ పోతే ఆ నునుపు పోయి పట్టు వస్తుంది. జూపాడు బంగ్లా నుంచి నందికొట్కూరుకి నాలుగైదు సార్లు వెళ్లొస్తే ఆ పని అయిపోతుంది. అప్పుడు ఓసారి ఇరుసు నట్టు బిగువు, గొలుసు వదులు, చక్రం రెండు వైపులా ఉండే గీతల గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూపించుకుని, పొద్దున్నే బయల్దేరండి. శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలుంటాయి కాబట్టి తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోవాలి.